ప్రార్థనామందిరమున బడి పెట్టిన జాన్ వెస్లీ

ఇంగ్లండు దేశమున లింకన్‌షైరను జిల్లాలో ఎప్‌వర్తు అను చిన్న ఊరు కలదు. చుట్టును పల్లపు నేలలు, మురుగు కాలువలు. పదునెనిమిదవ శతాబ్ది ఆరంభమున ఆ ఊరి చర్చికి సామ్యూల్ వెస్లీ యను పండితుడు గురువుగా నుండెను. ఆయన మంచి చదువరి, కవి. కాని చేతిలో పైస నిలువదు. 1705లో అప్పు తీర్చలేక లింకన్ కోటలోని చెరసాలలో కొన్ని నెలలు గడపవలసి వచ్చెను. ఆయన భార్య సుసన్నా. ఆమెకు కలిగిన 19 మంది బిడ్డలలో తొమ్మండుగురు పసితనముననే పోయిరి. 15వ సంతానముగా 1703 జూన్ 17వ తేదీన, అప్పటి ఇంగ్లండు పంచాంగము ప్రకారము, జన్మించినవాడు జాన్ వెస్లీ.

మెథడిస్టులని పేరుపడిన క్రైస్తవ శాఖకు మూలపురుషుడని లోకము వెస్లీని ఎరుగును. ఆయన మతసిద్ధాంతములను గూర్చి పండితులు పెద్ద గ్రంథములు వ్రాసియున్నారు. ఆ చర్చ ఇచ్చట అవసరము లేదు. ప్రార్థనకై ఏర్పరచిన కట్టడములో అక్షరము, మందు, అప్పు, పుస్తకము పేదవాని చేతికి అందునట్లు ఆయన ఎట్లు చేసెనో ఆ వృత్తాంతము మాత్రము గ్రంథాలయము గల ఏ ఊరివారైనను వినదగినది.

దానికి మొదలు ఎప్‌వర్తులోని వంటయిల్లు. సుసన్నా తన బిడ్డలకు తానే ఉపాధ్యాయురాలు. అయిదేండ్లు నిండువరకు బిడ్డలకు అక్షరము చూపకుండుట ఆమె పద్ధతి. నిండిన మరునాడు ఇల్లంతయు సర్ది, తక్కినవారికి తలకొక పని ఒప్పగించి, ఉదయము తొమ్మిది మొదలు పండ్రెండు వరకు, మరల రెండు మొదలు అయిదు వరకు, ఆ గదిలోనికి ఎవ్వరును రాగూడదని కట్టడి చేసి, ఒక్క దినమున అక్షరములన్నియు నేర్పెడిది. అందరును ఆ దినముననే నేర్చిరట. ఇద్దరాడపిల్లలకు మాత్రము దినమున్నర పట్టినది. అక్షరములు రాగానే బాలశిక్ష వంటిదేమియు లేదు, నేరుగా బైబిలు మొదటి అధ్యాయమే పాఠము. చక్కగా చదువ వచ్చువరకు ఏ ఆడపిల్లకును ఇంటిపని నేర్పరాదని ఆమె పెట్టుకొన్న నియమము మరింత చెప్పుకొనదగినది. ఆ కాలపు ఇంగ్లండులోను ఇది అరుదే. తెనుగు పల్లెలలో ఇది మాటగా వినబడుటకు కూడ రెండు శతాబ్దులు పట్టినది. ప్రతి బిడ్డతోను వారమునకొక సాయంకాలము విడిగా కూర్చుండి మాటలాడెడిది. జాన్‌కు గురువారము వచ్చినది. పెద్దవాడైన పిదపను ఆ గురువారము సాయంకాలములను ఆయన మరువలేదు.

1709 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఇల్లు అంటుకొనెను. అందరును బయటపడిరి, అయిదేండ్ల జాన్ ఒక్కడు మేడగదిలో చిక్కుకొనెను. నిచ్చెన తెచ్చు వ్యవధి లేక పొరుగువారిలో ఒకడు గోడకు ఆనుకొని నిలువగా మరియొకడు వాని భుజములపై నెక్కి కిటికీనుండి బాలుని దింపెను. మరుక్షణమే కప్పు కూలినది.

తరువాత మూడేండ్లకు, 1711-12 శీతకాలమున, సామ్యూల్ పనిమీద లండనులో నుండెను. ఆదివారము సాయంకాలము సుసన్నా తన బిడ్డలకు, పనివారికి వంటయింట ప్రార్థనచేసి, ఒక మంచి పుస్తకమునుండి కొంత చదివి వినిపించెడిది. పాలేరు తన తలిదండ్రులకు చెప్పెను, వారు వచ్చిరి. వారిని చూచి పొరుగువారు వచ్చిరి. కొలదివారములలో 200 మంది పోగై, చోటు చాలక కొందరు వెనుదిరిగిరి. ఆడుది సభ జరుపుటయా యని చర్చిలోని చిన్న గురువు కిట్టక సామ్యూల్‌కు జాబు వ్రాసెను. ఆపివేయుమని భర్త సూచింపగా, సూచన చాలదనియు, ఆజ్ఞయే ఈయవలసినదనియు, దైవసన్నిధిని ఆ బాధ్యత ఆయనయే వహింపవలసి యుండుననియు ఆమె బదులు వ్రాసెను. సామ్యూల్ మరల ఆ మాట ఎత్తలేదు. ఆ వంటయింట కూర్చుండి విన్న పిల్లలలో ఎనిమిదేండ్ల జాన్ కూడ ఒకడు.

లండనులో చార్టర్‌హౌసు పాఠశాల, తరువాత 1720లో ఆక్స్‌ఫర్డు. గ్రీకు, లాటిను, తర్కములందు గట్టివాడనిపించుకొని 1726లో లింకన్ కళాశాలలో ఫెలో యయ్యెను. 1728 నాటికి చర్చి గురువుగా పూర్తి అభిషేకము పొందెను. తమ్ముడు చార్లెసు 1729లో కూడగట్టిన చిన్న విద్యార్థి బృందమునకు జాన్ నాయకుడయ్యెను. వీరు వేళకు లేచి, వేళకు చదివి, వేళకు ఉపవసించి, అన్నిటికిని ఒక పద్ధతి పెట్టుకొన్నందున తోడి విద్యార్థులు ఎగతాళిగా మెథడిస్టులు, అనగా పద్ధతివాండ్రు, అని పేరు పెట్టిరి. ఆ ఎగతాళిపేరే తరువాత సంఘమునకు స్థిరపడినది. 1730 నుండి వీరు ఊరిలోని చెరసాలకు పోయి అప్పులకై బంధింపబడినవారిని చూచుట, పేదపిల్లలకు జీతమిచ్చి చదువు చెప్పించుట మొదలుపెట్టిరి.

జమాఖర్చు వ్రాయుట వెస్లీకి ఆనాటినుండియు అలవాటు. మొదటి యేడు 30 పౌనులు రాబడి. 28 పౌనులతో బ్రతికి రెండు దానము చేసెను. మరుసటి యేడు రాబడి 60. ఖర్చు అదే 28, దానము 32. మూడవ యేడు 90, నాలుగవ యేడు 120. ఖర్చు మాత్రము 28 దాటలేదు, తక్కినది 62, తరువాత 92 పౌనులు పేదలకు పోయెను. రాబడి పెరిగినప్పుడు ఖర్చు పెరుగకుండుట లెక్కలు వ్రాయువారికి సైతము అరుదుగా కనబడు విషయము.

1735లో అమెరికాలోని జార్జియాకు గురువుగా వెళ్లెను. అది కలిసిరాలేదు. సవానా నగరమున ఒక వివాహవ్యవహారము చెడి వ్యాజ్యములలో దిగగా 1737 చివర తలవంచుకొని ఓడ యెక్కెను. 1738 మే 24న లండనులో ఒక చిన్న ప్రార్థనసభలో మనసునకు నిబ్బరము కలిగినట్లు ఆయన దినచర్యలో వ్రాసికొనెను. మెథడిస్టులు ఆ దినమును పండుగగా తలచెదరు. కాని ఆయన బోధలోని తీవ్రతకు జడిసి చర్చివారు ఒక్కొక్కరుగా తమ వేదికలు మూసివేసిరి.

అప్పుడు మిత్రుడైన జార్జి విట్‌ఫీల్డు త్రోవ చూపెను. బ్రిస్టలు నగరమునకు చేరువను కింగ్స్‌వుడ్ అను బొగ్గుగనుల ప్రదేశము కలదు. గనివాండ్రకు చర్చి లేదు, బడి లేదు. విట్‌ఫీల్డు 1739 ఫిబ్రవరిలో అచ్చట ఆరుబయట బోధించి వెస్లీని పిలిచెను. కట్టడము విడిచి బయట బోధించుట వెస్లీకి మొదట మిక్కిలి సిగ్గుగా తోచినది. అయినను ఏప్రిల్ 2న ఇటుకల ఆవము ప్రక్కనున్న గట్టుపై నిలిచి మాటలాడెను. వినవచ్చినవారు 3,000 మంది. ఆ దినము మొదలు ఏబది యేండ్లు ఆయన ఆరుబయటనే నిలిచెను.

ఉపన్యాసముతో ఊరకుండినచో ఈ కథ వ్రాయ పనిలేదు. ఆ యేడే కింగ్స్‌వుడ్‌లో గనివాండ్ర పిల్లలకు బడి యిల్లు లేచెను. పునాది విట్‌ఫీల్డు వేసి అమెరికాకు సాగిపోయెను. డబ్బు ప్రోగుచేసి కట్టుట వెస్లీ వంతైనది. పెద్ద గది యొకటి, దానికిరువైపుల చిన్న గదులు. పగటివేళ పేదపిల్లలకు చదువుట, వ్రాయుట, లెక్క కట్టుట నేర్పవలెను. తల నెరసినవారును చదువ వచ్చెదరని ఆయన ఆశించెను. వారిని పిల్లలతో కూర్చుండబెట్టుట మర్యాద కాదు. గనిలోని కూలి పోగొట్టరాదు. కావున వారికి లోపలి గదులలో తెల్లవారక మునుపు గాని ప్రొద్దుగ్రుంకిన పిదప గాని పాఠము చెప్పవలెనని ఏర్పాటు చేసెను. రాత్రిపాఠశాల యని తెనుగుదేశమున గ్రంథాలయోద్యమమువారు ఇరువదవ శతాబ్దిలో పెట్టిన దానికి ఇది తాతవంటిది.

బ్రిస్టలు నగరములో 1739 మే 12న న్యూ రూము అను ప్రార్థనామందిరమునకు పునాది వేసిరి. అది నేటికిని నిలిచియున్నది. మెథడిస్టు కట్టడములలో ఇంతకంటె పాతది లేదు. కట్టినదానికి అప్పు మిగిలెను. 1742 ఫిబ్రవరిలో ఆ అప్పు తీర్చుటకై సభ కూడి, తలకు వారమునకొక పెన్నీ చొప్పున వసూలు చేయవలెనని ఆలోచించిరి. పెన్నీ యనగా షిల్లింగులో పండ్రెండవ వంతు. అదియు ఈయలేని పేదలు పలువురున్నారని ఒకరనిరి. ఫోయ్ అను ఓడనాయకుడు లేచి, అందరికంటె పేదలైన పదునొకండుగురిని తన వంతుకు వేయుడనియు, వారియింటికి వారమువారము తానే పోవుదుననియు, ఈయలేనివారి పెన్నీ తానే వేయుదుననియు చెప్పెను. అట్లే తక్కినవారును ఒప్పుకొనిరి. వసూలుకు పోయినవారికి ఇంటింటి సంగతులు తెలిసినవి: ఎవడు జబ్బుపడినాడు, ఎవని మగ్గము నిలిచినది, ఎవడు మరల త్రాగుచున్నాడు. వసూలు చిట్టాగా మొదలైనది పరామర్శ అయినది. పన్నిద్దరికొక పెద్ద యను ఈ ఏర్పాటే మెథడిస్టు సంఘమునకు వెన్నెముక యయ్యెను.

లండనులోని మందిరము కథ మరింత వింతయైనది. మూర్‌ఫీల్డ్సు పేటలో రాజుగారి ఫిరంగులు పోతపోయు కర్మాగారమొకటి ఉండెను. 1716లో ప్రేలుడు సంభవించి పలువురు చనిపోగా దానిని విడిచివేసిరి. ఇరువది మూడేండ్లు పాడుపడియున్న ఆ కొంపను 1739లో వెస్లీ 115 పౌనులకు కొనెను. బాగుచేయుటతో మొత్తము సుమారు 800 పౌనులైనది. పేరు మార్చలేదు, ఫౌండరీ యనియే వాడుక. 1,500 మంది కూర్చుండు చోటు. ధనికులకు వేరు పీటలు లేవు. ముందు వచ్చినవారు ముందు కూర్చుండవలెను. పనిపాటలవారు వేళకు పనికి పోవలెను గనుక ఉపన్యాసము తెల్లవారుజామున అయిదింటికే.

ఉపన్యాసము ముగిసిన పిదప మందిరమునకు తాళము పడెడిది కాదు. 60 మంది పిల్లలు చదువునకు వచ్చిరి. ఈయగలవారు కొందరు జీతమిచ్చిరి. ఈయలేనివారే హెచ్చు, వారికి చదువేకాక బట్టయు ఉచితము. ఉదయము ఆరు మొదలు పండ్రెండు, ఒంటిగంట మొదలు అయిదు. ఆటవిడుపు లేదు. సెలవడుగక వారములో రెండు దినములు మానినచో పేరు కొట్టివేయుదురు. పిల్లల తలిదండ్రులను కూడ వారమునకొకసారి పిలిచి ఇంట ఎట్లు పెంచవలెనో చెప్పెడివారు. ఆ బడి ఉపాధ్యాయులలో సైలస్ టోల్డు అనువాడొకడు. మునుపు బానిసలను మోయు ఓడలలో నావికుడు. ఆ ఓడల క్రౌర్యమును కన్నులార చూచినవాడు. అట్టివానిని పిల్లల ముందు నిలిపిన సాహసము వెస్లీది. టోల్డు బడి చెప్పుచునే న్యూగేటు చెరసాలకు పోయి, ఉరిశిక్ష పడినవారిని ఓదార్చుచు, వారితో ఉరికంబమువరకు బండిలో పోవుట తన జీవితపు పనిగా చేసికొనెను.

రెండు చిన్న ఇండ్లు అద్దెకు తీసికొని దిక్కులేనివారిని అందుంచిరి: తొమ్మండుగురు విధవలు, ఒక గ్రుడ్డి స్త్రీ, ఇద్దరు పిల్లలు. లండనులో నున్నప్పుడు వెస్లీయు ఆయన తోడి బోధకులును వారి బల్లవద్దనే, వారు తిను తిండియే తినిరి. ఈ యొక్క సంగతి ఆయన ఉపన్యాసములన్నిటికంటె ఎక్కువ చెప్పుచున్నది.

1746 చివర మందుల పంపిణీ మొదలయ్యెను. వెస్లీ చాలకాలముగా వైద్యగ్రంథములు చదివినవాడు. మందులు కలుపువానిని, శస్త్రవైద్యుని తోడు చేసికొని, వారమునకొక దినము పేదలను చూచెను. తీవ్రమైన రోగములను, తనకు తెలియని చిక్కులను వైద్యులకే విడిచిపెట్టవలెనని హద్దు గీచుకొనెను. అయిదు నెలలలో 500 మందికి పైగా మందులు పొందిరి. 1747లో ఇంటివైద్యమును గూర్చి ప్రిమిటివ్ ఫిజిక్ అను చిన్న పుస్తకము ప్రకటించెను. రోగముల పేర్లు అక్షరక్రమమున, ప్రక్కనే ఇంట దొరకు మందు. వెల ఒక షిల్లింగు. ఆయన బ్రతికియుండగనే ఇరువది కూర్పులకు పైగా వెలువడెను. అందలి చికిత్సలలో కొన్ని నేటి వైద్యుని నవ్వించును. బట్టతలకు ఎఱ్ఱనగువరకు ఉల్లిగడ్డతో రుద్ది తరువాత తేనె పూయుమన్నాడు. కాని శుభ్రత, మితభోజనము, నడక, చన్నీరు, నిద్ర వీనిని గూర్చి చెప్పిన మొదటి పుటలకు ఇప్పటికిని వంక లేదు.

ఇక అప్పుల నిధి. చిన్న పనివానికి ఒక్క పౌను చేతబదులు దొరకక పనిముట్లు తాకట్టు పెట్టుకొని కూలిపోవుట వెస్లీ చూచెను. ఆయనయే పట్టణమున ఈ కొననుండి ఆ కొనకు నడచి, అడిగి, 50 పౌనులు ప్రోగుచేసెను. వడ్డి లేదు. తలకు 20 షిల్లింగులు, అనగా ఒక పౌను, మించరాదు. వారమువారము కొంత కట్టుచు మూడు నెలలలో తీర్చవలెను. ఏడాది తిరుగువరకు 250 మంది ఆ నిధివలన ఆదుకొనబడిరి. వెస్లీకే అది నమ్మశక్యము కానట్లు తోచినది. కాని లెక్క సరియైనదే. మూడు నెలలకు చుట్టివచ్చు డబ్బు ఏడాదిలో నాలుగుమార్లు తిరుగును. ఏబదిమందికి నాలుగుమార్లు ఇన్నూరు. పౌను పూర్తిగా పుచ్చుకొననివారు తక్కినవారికి చోటిత్తురు. ఇందు మర్మమంతయు వారపు కిస్తీలో నున్నది. మూడునెలల పిదప ఒక్కసారిగా పౌను తెమ్మన్నచో తేగలవాడెవడు?

ఆ నిధినుండి అప్పు పొందినవారిలో జేమ్సు లాకింగ్టన్ అనువాని కథ గ్రంథాలయాభిమానులు ప్రత్యేకముగా తెలిసికొనదగినది. వాడు సోమర్సెట్ జిల్లాలో త్రాగుబోతు చెప్పులుకుట్టువాని కొడుకు. చిన్ననాట చదువు లేదు. తానును చెప్పులు కుట్టుట నేర్చుకొనుచు, మెథడిస్టుల సావాసమున చదువ నేర్చెను. లండను చేరిన క్రొత్తలో ఒక క్రిస్మసునాడు విందునకని ఉంచుకొన్న అరక్రౌను నాణెము తీసికొని అంగడికి పోయి, యంగ్ అను కవి కావ్యమొకటి కొని ఇంటికి వచ్చెను. విందు ఒక్కనాడే యనియు, పుస్తకము జన్మమంతయు నుండుననియు భార్యకు నచ్చజెప్పెనట. ఆమె ముఖము ఎట్లుండెనో ఎవరును వ్రాయలేదు. 1774లో చెప్పుల అంగడిలోనే పాతపుస్తకములు అమ్మ మొదలిడెను. వెస్లీ నిధివారు అప్పటికి అప్పు పరిమితిని 5 పౌనులకు పెంచియుండిరి. ఆ అయిదును వానికిచ్చిరి. అయిదు పౌనుల సరుకు కొలదికాలములో ఇరువదియైదయ్యెను. అమ్ముడుపోని ప్రతులను చాలవరకు నాశనముచేసి మిగిలినవానికి వెల నిలుపుకొనుట అప్పటి పుస్తకవర్తకుల ఆచారము. లాకింగ్టన్ ఆ ప్రతులను గుత్తగా కొని సగము వెలకు, పాతిక వెలకు అమ్మెను. అప్పు బేరము లేదు, రొక్కమే. దానితో కూలివాడును పుస్తకము కొనగలిగెను. చివరకు ఫిన్స్‌బరీ చౌకమున టెంపుల్ ఆఫ్ ది మ్యూజెస్, అనగా సరస్వతీమందిరము, అను పేరిట లండనునకే వింతయైన పుస్తకశాల కట్టించెను. ధనము రాగానే తన్ను లేవనెత్తిన మెథడిస్టులను 1791లో ప్రకటించిన స్వీయచరిత్రలో నవ్వులపాలు చేసెను. తరువాత మనసు మారి 1804లో ఆ అపహాస్యమునకు పశ్చాత్తాపము ప్రకటించి, తన ధనముతో మెథడిస్టులకు ప్రార్థనామందిరములు కట్టించెను. అప్పు పత్రము తీరుట వేరు, ఋణము తీరుట వేరు.

వెస్లీ స్వయముగా పుస్తకములు వ్రాయుటయేకాక పుస్తకములను కత్తిరించెను. పెద్ద గ్రంథములు పేదవాడు కొనలేడు, కొన్నను చదువ తీరిక లేదు. కావున పూర్వాచార్యుల రచనలను సంక్షేపించి, 1749 మొదలు 1755 వరకు ‘క్రిస్టియన్ లైబ్రరీ’ యను పేరిట 50 సంపుటములు ప్రకటించెను. దానివలన 200 పౌనులకు పైగా నష్టపోయెను. ఆ నష్టమును గూర్చి వ్రాసికొనెనే గాని పని మానలేదు. పెన్నీ వెలగల చిన్న పుస్తకములు ఎన్నో వేయించెను. కఠిన పదములకు అర్థము చెప్పు చిన్న నిఘంటువు 1753లో. ఇంగ్లీషు, ఫ్రెంచి, లాటిను, గ్రీకు, హీబ్రూ వ్యాకరణములు. ప్రకృతిశాస్త్రము, ఇంగ్లండు చరిత్ర. 1778 నుండి ఒక మాసపత్రిక. ఊరూర తిరుగు బోధకుల జీనుసంచులలో ఈ పుస్తకములుండెను. బోధకుడు ఉపన్యాసమిచ్చుటయేగాక పుస్తకములు అమ్మవలెను, లెక్క ఒప్పగింపవలెను.

ఆ బోధకులలో చాలమంది తాపీపనివారు, రొట్టెలు కాల్చువారు, దర్జీలు. దినమునకు అయిదు గంటలకు తక్కువ కాకుండ చదువవలెనని వెస్లీ వారికి నియమము పెట్టెను. చదువుటయందు రుచి లేదన్నవానితో, రుచి తెచ్చుకొనుమనియు లేదా తొల్లింటి పనికి పొమ్మనియు చెప్పెను. పుస్తకములు లేవన్నవానికి, చదువగలిగినంత వేగముగా, అయిదు పౌనుల వెలగల పుస్తకములు తానే ఇత్తునని మాట ఇచ్చెను. ఆయనయు గుఱ్ఱముపై కళ్ళెము వదులుగా విడిచి చదువుకొనుచు సాగెడివాడు. ఆ విధముగా జీవితమున రెండున్నర లక్షల మైళ్లు తిరిగెనని లెక్కకట్టినారు.

ఆదివారపు బడుల విషయమునను మెథడిస్టుల చేయి కలదు. వారమంతయు పనిచేయు పిల్లలకు ఆదివారమొక్కటే తీరిక. గ్లాస్టరు నగరమున రాబర్టు రేక్స్ 1780లో పెట్టిన బడులు ప్రసిద్ధికెక్కినవి. కాని హానా బాల్ అను మెథడిస్టు యువతి హై వైకూము పట్టణమున 1769లోనే అట్టి బడి నడిపెను. వెస్లీ తన పత్రికలో రేక్సు వృత్తాంతమును ప్రకటించి ఆ ఉద్యమమునకు ఊతమిచ్చెను.

ఇంత చేసినవాడు పిల్లల మనసెరుగడు. ఇది ఆయన చరిత్రలో దాచరాని లోపము. 1748 జూన్ 24న కింగ్స్‌వుడ్‌లోనే మరియొక విద్యాలయము తెరచెను, అచ్చటనే వసతి. పాఠములు గొప్పవే: ప్రాచీన భాషలు, గణితము, భూగోళము, తర్కము, సంగీతము. కాని బాలురు వేసవి, చలి యనక నాలుగింటికి లేవవలెను. సెలవులు లేవు. ఆట అసలే కూడదు. ఆటకు మారు నడక, తోటపని, కట్టెలు కొట్టుట. చదువు ముగియువరకు తలిదండ్రులు బిడ్డను ఒక్కనాటికైనను ఇంటికి తీసికొనిపోరాదు. ఇది జరుగునా? ఉపాధ్యాయులు నిలువలేదు, పిల్లలు మాట వినలేదు. 1783లో విచారింపగా, బాలురు దినదినమును ఆడుచున్నారనియు, గనివాండ్ర పిల్లలతో కలిసి పరుగెత్తి పోట్లాడుచున్నారనియు తేలినది. గనివాండ్ర పిల్లలకై మొదలైన చోటునందే వారి సావాసము దోషముగా లెక్కింపబడుట విచిత్రము. ఆటలేక పెరిగిన బాల్యము వెస్లీది. అందరి బాల్యమును అట్లే చాలునని ఆయన భ్రమించెను. ఆ విద్యాలయము మాత్రము చెడలేదు. నియమములు సడలి, 1851లో బాత్ నగరమునకు తరలి, నేటికిని నడచుచున్నది.

సంసారము కలిసిరాలేదు. 1751లో ఒక విధవను పెండ్లాడెను. ఇద్దరికిని సుఖము లేక ఆమె విడిచిపోయెను. అల్లరిమూకల రాళ్ళు ఆయనకు కొత్తకాదు. 1743 అక్టోబరులో వెడ్న్స్‌బరీ పట్టణమున మూకలు గంటలకొలది ఈడ్చి కొట్టగా, తుదకు ఆ మూక నాయకుడే అడ్డుపడి కాపాడెను. అమెరికావారి స్వాతంత్ర్యోద్యమమును ఆయన మెచ్చలేదు. దయ్యములను, మంత్రగత్తెలను నమ్మెను. ఇవి కాలమునకు చెందిన దోషములనవచ్చును.

బడి, మందు, ప్రార్థన మూడింటిని ఒక్కచోట నుంచు అలవాటు ఆయన శిష్యపరంపరతో సముద్రములు దాటినది. వెస్లియన్ మిషను వారు పందొమ్మిదవ శతాబ్ది చివరి పాదమున హైదరాబాదు సంస్థానమునకు వచ్చి తెనుగువారి నడుమ పనిచేసిరి. మెదకులో చార్లెస్ వాకర్ పాస్నెట్ చేయించిన పెద్ద చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. కరవుదినములలో కూలీలకు పని చూపి తిండిపెట్టి దానిని కట్టించెనని ఆ ప్రాంతమువారు చెప్పుకొందురు. 1947లో ఆ సంఘము దక్షిణ ఇండియా సంఘములో కలిసెను.

చవుక పుస్తకములు వేలకొలది అమ్ముడై వెస్లీ తలపని ధనము తెచ్చినవి. వచ్చినది వచ్చినట్లు పంచిపెట్టెను. 1776లో పన్ను అధికారులు ఆయనవద్ద లెక్కకు రాని వెండిపాత్రములుండునని తాకీదు పంపిరి. లండనులో రెండు, బ్రిస్టలులో రెండు వెండి చెంచాలున్నవనియు, చుట్టునున్నవారికి రొట్టె లేనంతవరకు ఇక కొనననియు ఆయన బదులు వ్రాసెను. 1785 జనవరిలో, 81 ఏండ్ల వయసున, పేదలకు బట్టలు కావలసి వచ్చి లండను వీథులలో అయిదు దినములు ఉదయమునుండి సాయంకాలము వరకు నడచి 200 పౌనులు యాచించెను. కరుగు మంచులో చీలమండలవరకు దిగబడి తిరిగినందున రోగమున పడెను గాని సొమ్ము పూర్తియైనది.

బానిసల వ్యాపారమును ఖండించుచు 1774లోనే చిన్న గ్రంథము వ్రాసియుండెను. 1791 ఫిబ్రవరి 24న, మరణమునకు ఆరు దినముల ముందు, ఆ వ్యాపారమును పార్లమెంటులో ఎదిరించుచున్న విల్బర్‌ఫోర్సుకు జాబు వ్రాసెను. ఆనాటి ఉదయము ఆఫ్రికావాడొకడు వ్రాసిన పుస్తకము చదివినట్లును, నల్లవాని సాక్ష్యము తెల్లవానిమీద చెల్లదను వలసదేశముల చట్టము తన్ను కలచివేసినట్లును అందు తెలిపి, పట్టు విడువవలదని ప్రోత్సహించెను. ఆయన జాబులలో అదియే కడపటిది. బ్రిటిషువారు ఆ వ్యాపారమును 1807లో నిషేధించిరి.

అంతకు ముందు యేడు, 1790 జూలైలో, వణకు చేతితో తన జమాఖర్చు పుస్తకమున ఇక లెక్క వ్రాయలేనని వ్రాసి ముగించెను. మిగుల్చగలిగినది మిగిల్చి, ఈయగలిగినది ఇచ్చుచున్నాననుట తనకు చాలునని అందు తెలిపెను. 1791 మార్చి 2న లండనులో, సిటీ రోడ్డు మందిరము ప్రక్కనున్న ఇంట, 87 ఏండ్ల వయసున మరణించెను. జనము త్రొక్కిసలాడుదురని జడిసి 9వ తేదీ తెల్లవారకమునుపే, ఆయన ఉపన్యాసములు చెప్పు ఆ అయిదు గంటల వేళనే, సమాధి చేసిరి. మరణశాసనమున శవవాహనము గాని బండ్లు గాని వలదని వ్రాసియుండెను. పని లేని ఆరుగురు పేదవాండ్రు పెట్టెను మోయవలెను, తలకు 20 షిల్లింగులు కూలి ఈయవలెను. అట్లే మోసిరి, అట్లే ఇచ్చిరి.